స్త్రీల కటి భాగంలోని అరుదైన మృదు కణజాల కణితులు: నిర్ధారణ ఎలా చేయాలి

బాహ్య జననాంగం పక్కన మెత్తగా, నొప్పి లేకుండా, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతున్న వాపుతో ఒక స్త్రీ వచ్చినప్పుడు వైద్యులకు ముందుగా తట్టేది బార్తోలిన్ గ్రంథి (యోని ముఖద్వారం దగ్గర తేమనిచ్చే చిన్న గ్రంథి) తిత్తి. చాలాసార్లు ఆ ఊహే నిజమవుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అది తిత్తి కాదు, కటి లోపలి నుంచి కండరాల సందుల్లోంచి కిందికి దిగిన కణితి కొస అవుతుంది. చీము గడ్డ అనుకొని కోస్తే చీము రాదు, హెర్నియా అనుకొని తెరిస్తే సంచి కనబడదు; మెత్తగా, జిగురుగా, అంచు అందని కణజాలం చేతికి తగులుతుంది. అందినంత తీసి, మిగిలినది లోపలే వదిలి, కుట్లు వేసి, ముక్కను పరీక్షకు పంపుతారు. పేరు తెలిసి వచ్చేసరికి, ఆ కణితిని మొదటిసారే పూర్తిగా తీయగలిగే అవకాశం చేజారిపోయి ఉంటుంది. ఈ కణితుల విషయంలో పొరపాటు సూక్ష్మదర్శిని దగ్గర కన్నా, అంతకు ముందు, స్కాన్ లేకుండా కత్తి పట్టిన చోటే మొదలవుతుందని నా నమ్మకం. అందుకే ఈ మార్గదర్శిలో స్లైడు గురించి ఎంత చెబుతానో, స్లైడు దాకా వెళ్లే దారి గురించీ అంతే చెబుతాను. ఇది స్త్రీ వ్యాధుల విభాగంలో, శస్త్రచికిత్సలో, రేడియాలజీలో, పాథాలజీలో శిక్షణ పొందుతున్నవారిని ఉద్దేశించి రాసినది.

మృదు కణజాలం అంటే కొవ్వు, కండరం, నార కణజాలం, రక్తనాళాలు, నరాలు. గర్భాశయంలో సర్వసాధారణంగా కనిపించే ఫైబ్రాయిడ్లు, అండాశయపు తిత్తులు ఇక్కడి విషయం కాదు. వల్వా (బాహ్య జననాంగం), యోని, పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగం), యోనికీ పురీషనాళానికీ మధ్య ఉన్న పొర, త్రికాస్థి (వెన్నెముక అడుగున ఉన్న పెద్ద ఎముక) ముందు భాగం, కటి గోడలు: ఈ చోట్ల పుట్టే కణితుల గురించే ఇక్కడ చర్చ. వీటిలో కొన్ని దాదాపుగా ఈ ప్రాంతానికే పరిమితమైనవి. డీప్ యాంజియోమిక్సోమా, యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా, సెల్యులర్ యాంజియోఫైబ్రోమా, సూపర్ఫిషియల్ మయోఫైబ్రోబ్లాస్టోమా అలాంటివి. మిగిలినవి శరీరంలో ఎక్కడైనా పుట్టగలిగి, ఇక్కడ పుట్టినప్పుడు మాత్రం వేరే రోగాల వేషంలో కనిపించేవి.

అడగవలసినవి, చేత్తో తెలుసుకోవలసినవి

వయసు మొదటి ఆధారం. ఐదేళ్ల లోపు పాపకు యోని నుంచి ద్రాక్షగుత్తి లాంటి కండ బయటికి వస్తే, వేరే రుజువు దొరికేవరకు దానిని ఎంబ్రియోనల్ రాబ్డోమయోసర్కోమాగానే (కండర కణాలను పోలిన సర్కోమా, అంటే మృదు కణజాలపు క్యాన్సర్) భావించి నడుచుకోవాలి. అదే కణితి గర్భాశయ ముఖద్వారంలో వస్తే ఆ అమ్మాయి వయసు సాధారణంగా కౌమారం దాకా ఉంటుంది, డైసర్1 జన్యు లోపం ఉందేమో చూడవలసి వస్తుంది. డీప్ యాంజియోమిక్సోమా సంతానోత్పత్తి వయసులో, ముఖ్యంగా ముప్పైలలో ఉన్న స్త్రీలలో ఎక్కువ. సెల్యులర్ యాంజియోఫైబ్రోమా యాభైల ప్రాంతంలో కనిపిస్తుంది.

వాపు ఎంతకాలంగా ఉందన్న ప్రశ్నతో ఆగిపోకూడదు. గర్భవతిగా ఉన్నప్పుడు వేగంగా పెరిగిందా, నెలసరితో పాటు నొప్పి వచ్చి పోతోందా, టామాక్సిఫెన్ వంటి మందులు వాడారా, కటికి రేడియేషన్ ఇచ్చారా, ఇదే చోట ఇంతకు ముందు ఎవరైనా కోసి ఏదైనా తీశారా అని విడివిడిగా అడగాలి. ప్రతి ప్రశ్న వెనుకా ఒక కారణం ఉంది. యాంజియోమిక్సోమా కణాలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు ఉంటాయి కాబట్టి గర్భధారణలో అది పెరగవచ్చు. కాన్పు సమయంలో వేసిన కోత మచ్చ దగ్గర నెలసరి లయలో నొప్పి పెట్టే గట్టి ముద్ద కణితి కన్నా ఎండోమెట్రియోసిస్ కావడానికే అవకాశం ఎక్కువ. రేడియేషన్ పొందిన కొన్నేళ్ల తర్వాత చర్మంపై ఊదా రంగు మచ్చలు కనబడితే యాంజియోసర్కోమాను తలచుకోవాలి. పాత శస్త్రచికిత్స ఉంటే ఆనాటి స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరచిన కణజాలపు ముక్కలు) తెప్పించుకోవడం ఏ కొత్త పరీక్ష కన్నా ముందు చేయవలసిన పని. అప్పట్లో నార కణజాలపు పాలిప్ అని రాసిన నివేదికను ఇప్పటి కళ్లతో మళ్లీ చదివితే సమాధానం అక్కడే దొరకవచ్చు.

కుటుంబ చరిత్రకు ఒక్క నిమిషం చాలు, కానీ ఆ నిమిషం వెచ్చించాలి. పెద్దపేగు నిండా పాలిప్‌లు వచ్చే వంశపారంపర్య రోగం ఉన్న కుటుంబంలో డెస్మాయిడ్ కణితి (దూరానికి పాకకపోయినా చుట్టుపక్కలకు చొరబడే నార కణజాలపు కణితి), న్యూరోఫైబ్రోమటోసిస్ (నరాల మీద కణితులు వచ్చే జన్యు రోగం) ఉన్న వ్యక్తిలో నరపు పొర నుంచి పుట్టే సర్కోమా, ట్యూబరస్ స్క్లెరోసిస్ (అనేక అవయవాల్లో కణితులు వచ్చే జన్యు రోగం) ఉన్న వ్యక్తిలో పీకోమా (రక్తనాళాల చుట్టూ చేరే ప్రత్యేక కణాల కణితి) వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువ.

పరీక్షలో వాపు స్థానాన్ని గడియారపు ముళ్ల లెక్కలో రాయడం మంచి అలవాటు. బార్తోలిన్ గ్రంథులు యోని ముఖద్వారం వెనుక వైపు నాలుగు, ఎనిమిది గంటల స్థానాల్లో ఉంటాయి. వాపు అక్కడ కాకుండా పెద్ద పెదవి పై భాగంలో ఉంటే హెర్నియా, నక్ కాలువ తిత్తి (గజ్జ నుంచి పెద్ద పెదవి వైపు దిగే పొర సంచి మూసుకోకపోతే వచ్చేది), రౌండ్ లిగమెంట్ (గర్భాశయాన్ని పట్టి ఉంచే పట్టీ) నుంచి పుట్టిన కండర కణితి వంటివి వరుసలోకి వస్తాయి. దగ్గించి, నిలబెట్టి, ముక్కమని చెప్పి చూడాలి. యాంజియోమిక్సోమా మెత్తదనం వల్ల ఒక్కోసారి దగ్గినప్పుడు అదీ ఉబికినట్టే అనిపిస్తుంది కాబట్టి దగ్గుకు కదిలినంత మాత్రాన హెర్నియా అని తేల్చివేయరాదు. బార్తోలిన్ స్థానంలోనే ఉన్నా, నలభై దాటిన స్త్రీలో ఆ గడ్డ గట్టిగా ఉంటే క్యాన్సర్‌ను దృష్టిలో పెట్టుకొని బయాప్సీ చేయవలసిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: వాపు పై అంచు వేలికి అందుతోందా? ఒక వేలు యోనిలో, ఒక వేలు పురీషనాళంలో ఉంచి, ఆ గడ్డ పైకి ఎంతవరకు వెళ్లిందో వెతకాలి. బయట నిమ్మకాయంత కనిపించే వాపు లోపల గర్భాశయం పక్క దాకా పాకి ఉండవచ్చు. పై అంచు అందకపోతే ఆ క్షణం నుంచి దానిని ఉపరితలపు గడ్డగా చూడటం మానుకోవాలి. గజ్జలో లింఫ్ గ్రంథులను తడిమి చూడటం కూడా మరవరాదు. సర్కోమాలు సాధారణంగా లింఫ్ గ్రంథులకు పాకవు గానీ ఎపిథెలియాయిడ్ సర్కోమా, రాబ్డోమయోసర్కోమా మాత్రం ఆ నియమానికి లోబడవు.

ఈ పరీక్ష ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. సిగ్గుతో ఏళ్ల తరబడి వాపును దాచుకొని చివరికి వచ్చినవారిని ఇంత ఆలస్యమెందుకు చేశారని నిలదీస్తే ఆ తర్వాత అడిగే ప్రశ్నలకు సగం సమాధానాలే వస్తాయి. ఏం చేయబోతున్నామో ముందు చెప్పి, అనుమతి తీసుకొని, తొందర లేకుండా చేసిన పరీక్షే పూర్తి సమాచారం ఇస్తుంది.

ఐదు సెంటీమీటర్లు దాటినది, లోతుగా ఉన్నది, త్వరగా పెరుగుతున్నది, ఒకసారి తీసిన చోటే మళ్లీ వచ్చినది: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సర్కోమా చికిత్సలో అనుభవం ఉన్న కేంద్రంతో బయాప్సీకి ముందే మాట్లాడటం మేలు. బయాప్సీ తర్వాత మాట్లాడటం ఆలస్యమే అవుతుంది, ఎందుకో కింద చెబుతాను.

స్కాన్‌ను ఎలా అడగాలి, ఎలా చదవాలి

అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం సహజం, సులభం కూడా. ప్రోబ్‌ను పెరీనియం మీద ఉంచి చేసే పరీక్ష వల్వా వాపులను బాగా చూపిస్తుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. జిగురు పదార్థంతో నిండిన మిక్సాయిడ్ కణితులు అల్ట్రాసౌండ్‌లో నల్లగా, నీటి తిత్తి లాగే కనిపిస్తాయి. డాప్లర్ పెట్టి చూసినప్పుడు ఆ నల్లటి భాగం లోపల రక్త ప్రవాహం కనబడితే అది తిత్తి కాదు. సూది గుచ్చి లాగినా ద్రవం రాకపోవడం కూడా అదే మాట చెబుతుంది. అలా జరిగినప్పుడు ఇంకా పెద్ద సూదితో ప్రయత్నించకుండా అక్కడితో ఆగి స్కాన్‌కు పంపాలి.

ఈ కణితులకు అసలైన పరీక్ష ఎమ్మారై. దానిని కోరుతూ రాసే చీటీలో కటి ఎమ్మారై అని మాత్రమే రాస్తే తరచుగా ఒక నష్టం జరుగుతుంది: మామూలు కటి స్కాన్ చిత్రాలు జఘనాస్థి కింద ఆగిపోయి, వల్వా, పెరీనియం సగం తెగిపోతాయి. వాపు పూర్తిగా కిందివరకు చిత్రంలో రావాలని, పై అంచు తెలిసేవరకు పైకి కొనసాగించాలని స్పష్టంగా రాయాలి. మూడు తలాల్లో టీ2 చిత్రాలు (నీరు తెల్లగా కనిపించేవి), టీ1, కొవ్వును అణచిన చిత్రాలు, డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలికను చూపేవి), అవసరమైతే గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చిన తర్వాతి చిత్రాలు కోరాలి. గర్భవతికి గడోలినియం ఇవ్వకుండానే టీ2, డిఫ్యూజన్ చిత్రాలతో చాలావరకు పని జరుగుతుంది.

చిత్రం ముందు కూర్చున్నప్పుడు మొదట చూడవలసినది లెవేటర్ ఏని (కటి అడుగును మోసే) కండరం. కణితి ఆ కండరానికి పైన ఉందా, కింద ఉందా, లేక దానిని దాటి రెండు వైపులా ఉందా? శస్త్రచికిత్స కింది నుంచి చేయాలా, కడుపు వైపు నుంచి చేయాలా, రెండు వైపుల నుంచా అన్నది ఈ ఒక్క సమాధానం మీద ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత కణితి మూత్రనాళాన్ని, యోనిని, పురీషనాళాన్ని పక్కకు నెట్టిందా, వాటి గోడలోకి చొరబడిందా అని చూడాలి. డీప్ యాంజియోమిక్సోమా ఎంత పెద్దదైనా అవయవాలను పక్కకు నెట్టి వాటి చుట్టూ ఒదిగిపోతుంది గానీ లోపలికి దూరడం అరుదు. టీ2 చిత్రంలో అది తెల్లగా మెరుస్తూ, ఆ తెలుపులో సుడులు తిరిగిన సన్నని నల్ల చారలతో కనిపిస్తుంది. లెవేటర్‌ను దాటిన మెత్తటి కణితిలో ఈ సుడుల చారలు కనబడితే, సూది వేయకముందే పేరు దాదాపుగా ఊహించవచ్చు.

మిగిలిన సూచనలు వరుసగా పట్టుకోవచ్చు. టీ2లో నల్లగా, పట్టీలు పట్టీలుగా ఉంటే డెస్మాయిడ్ లేదా కండర కణితి. కొవ్వు ఉంటే, లోపలి గోడలు మందంగా ఉన్నాయా, కొవ్వు కాని ముద్దలు ఉన్నాయా అని చూడాలి; అవి ఉంటే లైపోమా అని రాసి ఊరుకోకుండా లైపోసర్కోమాను మినహాయించాలి. త్రికాస్థి రంధ్రం వెడల్పై, కణితి దానిలోంచి బయటికి వచ్చినట్టుంటే నరపు కణితి. లోపల రక్తస్రావం, కణజాలం చచ్చిన భాగాలు, అంచులో చొరబాటు ఉంటే సర్కోమా వైపు అనుమానం పెరుగుతుంది. కణితిలో రక్తనాళాలు మితిమీరి ఉండి, రోగికి కారణం తెలియకుండా రక్తంలో చక్కెర పడిపోతూ ఉంటే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌ను తలచుకోవాలి, ఎందుకంటే అందులో కొన్ని ఇన్సులిన్‌ను పోలిన ఐజీఎఫ్2 అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి.

త్రికాస్థి ముందు ఉన్న ద్రవపు సంచి విషయంలో ఒక గట్టి హెచ్చరిక అవసరం. అది వెన్నుపాము పొరల నుంచి ముందుకు పొడుచుకొచ్చిన మెనింగోసీల్ కావచ్చు. పురీషనాళం గుండా దానిలోకి సూది వేస్తే మలంలోని బాక్టీరియా నేరుగా మెదడు పొరలను చేరి మెనింజైటిస్‌కు దారితీస్తుంది. అక్కడ ఎమ్మారై చూడకుండా సూది పెట్టరాదు. దీనికి మినహాయింపు లేదు.

బయాప్సీ: దారి, సూది, ముక్క

చర్మం కింద కదులుతూ, మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, అంచులన్నీ స్పష్టంగా తెలిసే చిన్న గడ్డను మొత్తంగా తీసి పంపడం సబబే. అంతకు మించినదానికి, లోతుగా ఉన్నదానికి కోర్ నీడిల్ బయాప్సీ (లావు సూదితో కణజాలపు సన్నని ముక్క తీసే పరీక్ష) ముందు జరగాలి. సన్న సూదితో కణాలు లాగే పరీక్ష ఇక్కడ దాదాపు నిరుపయోగం. మిక్సాయిడ్ కణితి నుంచి కొంచెం జిగురు, నాలుగైదు సాదా కణాలు వస్తాయి, వాటితో ఏ పేరూ పెట్టలేం. 14 లేదా 16 గేజ్ సూదితో, అల్ట్రాసౌండ్ లేదా సీటీ చూస్తూ, కణితిలో గడోలినియం బాగా పీల్చుకున్న గట్టి భాగం నుంచి అనేక ముక్కలు తీయాలి.

సూది వెళ్లిన దారి కూడా కణితిలో భాగమైనట్టే లెక్క. రేపు అది సర్కోమా అని తేలితే శస్త్రచికిత్సలో ఆ దారిని కూడా కణితితో పాటు తీయవలసి రావచ్చు. అందుకే చివరికి శస్త్రచికిత్స చేయబోయే వైద్యుడితో మాట్లాడాకే సూది ఎక్కడి నుంచి వెళ్లాలో నిర్ణయించాలి. బయాప్సీకి ముందే కేంద్రంతో మాట్లాడమని చెప్పడానికి కారణం ఇదే. కణితి లేని పొరలను, ముఖ్యంగా పెరిటోనియంను, పురీషనాళపు గోడను దాటి వెళ్లే దారులను వీలైనంతవరకు వదిలేయాలి.

ముక్కలను తీసిన వెంటనే వాటి ఘనపరిమాణానికి కనీసం పది రెట్లు ఉన్న 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటల కన్నా తక్కువ, 72 గంటల కన్నా ఎక్కువ ఫార్మలిన్‌లో ఉన్న కణజాలం మీద తర్వాతి స్టెయిన్లను (కణాల్లోని ప్రొటీన్లను రంగుతో చూపే పరీక్షలను) నమ్మడం కష్టమవుతుంది. పేరు తేల్చడానికి ఫ్రోజెన్ సెక్షన్‌ను (ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు కోసి చూసే పద్ధతిని) ఆశ్రయించడం మంచిది కాదు. సరిపడా కణజాలం వచ్చిందా అని తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, అంతే.

పాథాలజీకి పంపే చీటీ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. వల్వా గడ్డ, దయచేసి పరీక్షించండి అని రాసిన చీటీ పాథాలజిస్టు చేతులు కట్టేస్తుంది. డీప్ యాంజియోమిక్సోమా నుంచి వచ్చిన సన్నని ముక్క నీరు చేరిన మామూలు నార కణజాలం లాగే ఉంటుంది, అందులో భయపెట్టే కణం ఒక్కటీ ఉండదు. పది సెంటీమీటర్ల కణితి లెవేటర్‌ను దాటి ఉందని తెలియని పాథాలజిస్టు ఆ ముక్కను నిజాయితీగానే వాపు వచ్చిన కణజాలం అని రాస్తారు. వయసు, గడ్డ స్థానం, లోతు, పరిమాణం, అంచు స్వభావం, ఎమ్మారైలో కనబడిన సంకేతం, గర్భం, హార్మోన్ల వాడకం, పాత శస్త్రచికిత్సలు: ఇవన్నీ నాలుగు వాక్యాల్లో రాయవచ్చు. ఆ నాలుగు వాక్యాలు నాలుగు స్టెయిన్లకన్నా విలువైనవి.

స్లైడు ముందు

డీప్ యాంజియోమిక్సోమాను 1983లో స్టీపర్, రొసాయ్ తొమ్మిది మంది స్త్రీల కణితులను వర్ణిస్తూ ప్రత్యేక కణితిగా గుర్తించారు. అప్పుడు దానికి అగ్రెసివ్ యాంజియోమిక్సోమా అని పేరు పెట్టారు. ఆ పేరులోని అగ్రెసివ్ అనే మాట అదే చోట మళ్లీ మళ్లీ వచ్చే స్వభావాన్ని చెబుతుందే తప్ప దూర అవయవాలకు పాకడాన్ని కాదు. అలా పాకిన ఉదాహరణలు అతి కొద్ది. రోగికి ఆ పేరు వినిపించేటప్పుడు ఈ తేడాను విడమరచి చెప్పకపోతే అనవసరమైన భయం పట్టుకుంటుంది.

తక్కువ పవర్‌లో మొదట అంచు చూడాలి. ఈ ప్రాంతపు మెత్తటి కణితులన్నీ ఒకే కుటుంబంలా పోలికలతో ఉంటాయి. వాటిని విడదీసేది కణం ముఖం కన్నా కణితి అంచు, రక్తనాళాల తీరు. డీప్ యాంజియోమిక్సోమాలో కణాలు పలచగా, అమాయకంగా ఉంటాయి, కణ విభజన దాదాపు కనిపించదు. కానీ అంచు లేదు, కొవ్వులోకి, కండరంలోకి వేళ్లు చాచి ఉంటుంది. రక్తనాళాలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి, పెద్ద నాళాల చుట్టూ నున్నటి కండర తంతువుల చిన్న కట్టలు కనిపిస్తాయి. యాంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా ఎక్కువగా ఐదు సెంటీమీటర్ల లోపు, స్పష్టమైన అంచుతో ఉంటుంది. కణాలు దట్టంగా ఉన్న చోట్లు, పలచగా ఉన్న చోట్లు మారుతూ వస్తాయి, సన్నని నాళాల చుట్టూ బొద్దుగా ఉన్న కణాలు గుంపులు కడతాయి. సెల్యులర్ యాంజియోఫైబ్రోమాలో పొట్టి కదురు కణాలు, వాటి మధ్య గోడలు గాజులా మందమైన గుండ్రటి నాళాలు ఉంటాయి. సూపర్ఫిషియల్ మయోఫైబ్రోబ్లాస్టోమా యోనిలో పాలిప్‌లా వేలాడుతుంది, పై పొరకూ కణితికీ మధ్య కణితి లేని పలచని పట్టీ ఉంటుంది. నార కణజాలపు స్ట్రోమల్ పాలిప్‌లో ఆ పట్టీ ఉండదు. నక్షత్రాకారపు, ఒకటికన్నా ఎక్కువ కేంద్రకాలున్న కణాలు పై పొర దాకా వస్తాయి. గర్భవతుల్లో ఈ పాలిప్ సర్కోమా అనిపించేంత వికారంగా కనిపించగలదు, దానిని సర్కోమా అని రాసిన నివేదిక ఒక మనిషికి చేసే హాని చిన్నది కాదు.

కణితే కాని పోలిక కూడా ఒకటుంది. చాలాకాలం కదలికలేక పడకకు పరిమితమైనవారిలో, అధిక బరువు ఉన్నవారిలో వల్వా లింఫ్ వాపు యాంజియోమిక్సోమాను అచ్చంగా పోలి ఉంటుంది. రెండు వైపులా ఉండటం, వ్యాకోచించిన లింఫ్ నాళాలు, వాటి చుట్టూ దీర్ఘకాలిక శోథ కణాలు దానిని పట్టిస్తాయి.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే పైన చెప్పిన ప్రొటీన్ స్టెయిన్ల దగ్గర కొత్తవారు ఎక్కువగా తడబడేది ఒకచోటే. డెస్మిన్, ఈస్ట్రోజన్ గ్రాహకం, ప్రొజెస్టెరాన్ గ్రాహకం పాజిటివ్ వచ్చాయి కాబట్టి యాంజియోమిక్సోమా అని రాసేస్తారు. కింది జననాంగ ప్రాంతపు మృదు కణజాలంలో నిరపాయమైన కణితులు చాలావరకు ఇవే స్టెయిన్లను చూపిస్తాయి. మామూలు పాలిప్ కూడా చూపిస్తుంది. కాబట్టి అవి ఈ కుటుంబంలో ఎవరు ఎవరో చెప్పలేవు. విడదీయడానికి పనికివచ్చేవి రెండు. హెచ్‌ఎంజీఏ2 పాజిటివ్ కావడం డీప్ యాంజియోమిక్సోమా వైపు మొగ్గుతుంది, పన్నెండో క్రోమోజోములోని ఆ జన్యువు స్థానం మారడం వాటిలో కొన్నింటిలోనే ఉంటుంది కాబట్టి నెగటివ్ వస్తే మాత్రం మినహాయించలేం. ఆర్‌బీ ప్రొటీన్ కేంద్రకాల నుంచి మాయమవడం సెల్యులర్ యాంజియోఫైబ్రోమా వైపు మొగ్గుతుంది, దానికి కారణం పదమూడో క్రోమోజోములో ఆర్‌బీ1 జన్యువు ఉన్న భాగం పోవడం. రెండింటినీ అంచుతోనూ, ఎమ్మారైతోనూ కలిపి చదివినప్పుడే అర్థం ఉంటుంది.

కణాలు అమాయకంగా లేనప్పుడు ముందు సర్కోమా కానివాటిని తీసివేయాలి. వల్వా, యోని మెలనోమా కదురు కణాలతో సర్కోమాలా కనిపిస్తుంది. ఎస్100, సాక్స్10 స్టెయిన్లు చేయకుండా ఈ ప్రాంతంలో సర్కోమా అనే మాట రాయకూడదన్నది నా అభిప్రాయం. కదురు కణాల కార్సినోమాకు కెరటిన్ చూడాలి. అయితే కెరటిన్ పాజిటివ్ అయినంతమాత్రాన కార్సినోమా అనీ తేల్చరాదు, ఎందుకంటే వల్వాలో వచ్చే ప్రాక్సిమల్ రకపు ఎపిథెలియాయిడ్ సర్కోమా కూడా కెరటిన్‌ను చూపిస్తుంది. దానిని పట్టించేది ఐఎన్‌ఐ1 ప్రొటీన్ కేంద్రకాల నుంచి పూర్తిగా పోవడం, చాలాసార్లు సీడీ34 కూడా పాజిటివ్ కావడం.

యోనికీ పురీషనాళానికీ మధ్య ఉన్న కదురు కణాల కణితి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ దానిని కండర కణితి అని సులభంగా రాసేస్తారు. కానీ పురీషనాళం నుంచి పుట్టిన గిస్ట్ కణితి (జీర్ణనాళపు గోడలో పుట్టే మృదు కణజాల కణితి) అక్కడికే వచ్చి యోని గోడను నెడుతుంది, కడ్డీల్లాంటి కేంద్రకాలతో అచ్చం కండర కణితిలాగే కనిపిస్తుంది. సీడీ117, డాగ్1 స్టెయిన్లు చేయడం ఖర్చు దృష్ట్యా అనవసరమనిపించినా తప్పక చేయాలి. గిస్ట్ అయితే ఇమాటినిబ్ అనే మందు ముందుగా ఇచ్చి, కణితిని చిన్నది చేసి, పురీషనాళాన్ని కాపాడుతూ శస్త్రచికిత్స చేసే వీలుంటుంది. పేరు తప్పితే ఆ వీలు పోతుంది.

మిగిలినవాటికి సూచికలు స్థిరంగా ఉన్నాయి. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కు కేంద్రకంలో స్టాట్6, డెస్మాయిడ్‌కు కేంద్రకంలో బీటా కాటెనిన్, లైపోసర్కోమాకు ఎండీఎం2 జన్యువు పెరుగుదల, పీకోమాకు హెచ్‌ఎంబీ45, రాబ్డోమయోసర్కోమాకు మయోజెనిన్, ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ కణితికి ఏఎల్‌కే. గర్భాశయ ముఖద్వారంలో ఫైబ్రోసర్కోమాలా ఉండి ఎస్100, సీడీ34 రెండూ చూపించే కణితిలో ఎన్‌టీఆర్‌కే జన్యు కలయిక ఉందేమో పరీక్షించాలి, దానికి నేరుగా పనిచేసే మందులు ఉన్నాయి కాబట్టి. వల్వా కండర కణితిని నిరపాయమా అపాయమా అని తేల్చడానికి చాలాకాలంగా వాడుతున్న కొలతలు నాలుగు: ఐదు సెంటీమీటర్లు లేదా అంతకు మించిన పరిమాణం, చొరబడే అంచు, పది హై పవర్ ఫీల్డ్‌లలో ఐదు లేదా అంతకు మించి కణ విభజనలు, మధ్యస్థ స్థాయి నుంచి తీవ్రమైన కేంద్రక వికారం. మూడు ఉంటే లియోమయోసర్కోమా. సర్కోమా అని తేలాక ఎఫ్‌ఎన్‌సీఎల్‌సీసీ అనే గ్రేడింగ్ పద్ధతిలో కణాల పరిణతి, విభజనల సంఖ్య, చచ్చిన భాగం లెక్కించి గ్రేడు ఇవ్వాలి. గ్రేడు వర్తించని రకాలకు బలవంతంగా ఇవ్వకూడదు. ఆ తర్వాత ఛాతీ సీటీ తప్పనిసరి, సర్కోమా ముందుగా పాకేది ఊపిరితిత్తులకే.

మూడు మాటలు కలవనప్పుడు

చేతి పరీక్ష, ఎమ్మారై, స్లైడు ఒకే మాట చెప్పాలి. ఎమ్మారైలో పెద్ద కణితి ఉండి బయాప్సీలో మామూలు నార కణజాలం అని వస్తే అది శుభవార్త కాదు, సూది కణితికి తగలలేదనో లేక కణితే అలా కనిపిస్తోందనో అర్థం. రేడియాలజిస్టు, పాథాలజిస్టు, శస్త్రచికిత్స నిపుణులు ఒకే గదిలో కూర్చొని చిత్రాన్నీ స్లైడునూ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటికీ తేలకపోతే బయాప్సీ మళ్లీ చేయాలి, బ్లాకులను మృదు కణజాలపు కణితులు నిత్యం చూసే పాథాలజిస్టుకు పంపాలి. నిర్ణయం వారం పది రోజులు ఆలస్యమవడం వల్ల ఈ కణితుల్లో చాలావాటికి జరిగే నష్టం స్వల్పం. తప్పు పేరుతో చేసిన శస్త్రచికిత్స నష్టం అంత సులభంగా తీరదు.

తిత్తి అనుకొని అప్పటికే కోసివేసిన తర్వాత నివేదిక ఎదురుతిరిగితే వెంటనే మళ్లీ కోయడానికి పరుగెత్తకూడదు. పాత శస్త్రచికిత్స నివేదికలో కణితి ఎంత లోతుకు పోయిందో, ఒకే ముక్కగా వచ్చిందా ముక్కలుగా వచ్చిందా చదవాలి. గాయం మానాక ఎమ్మారై తీయించి మిగిలినది ఎంతో కొలవాలి. యాంజియోమిక్సోమా అయితే అంచులో కణితి మిగిలినంత మాత్రాన మూత్రనాళాన్నీ మలద్వార కండరాన్నీ బలిచేసే పెద్ద శస్త్రచికిత్సకు పూనుకోనక్కరలేదు, ఎందుకంటే పూర్తిగా తీసినట్టు కనిపించినవారిలోనూ అది తిరిగి రావచ్చు, హార్మోన్లను అణచే మందులతో దానిని కుదించే మార్గమూ ఉంది. సర్కోమా అయితే లెక్క వేరు, పూర్తి అంచుతో తిరిగి తీయడం గురించి బృందం నిర్ణయించాలి.

తీసిన కణితిని ప్రయోగశాలకు పంపేటప్పుడు పై అంచుకు ఒక కుట్టు, లోతైన అంచుకు రెండు కుట్లు వేసి, ఆ గుర్తుల అర్థం చీటీలో రాయాలి. పాథాలజిస్టు అంచులకు సిరా పూసి, ప్రతి సెంటీమీటరుకు కనీసం ఒక ముక్క చొప్పున తీసి, ఏ అంచు వరకు కణితి వచ్చిందో నివేదికలో పేరుతో చెప్పాలి. డీప్ యాంజియోమిక్సోమా దశాబ్దం దాటాక కూడా తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఆ నివేదిక ప్రతినీ ఎమ్మారై చిత్రాలనూ రోగి చేతికే ఇచ్చి దాచుకోమని చెప్పాలి. బయటికి ఏమీ కనిపించకపోయినా ఎమ్మారై మళ్లీ మళ్లీ తీయించుకోవాలని, గర్భం ధరించాలనుకుంటే అంతకు ముందు ఒకసారి తప్పకుండా తీయించుకోవాలని అదే కాగితం మీద రాసి ఇవ్వాలి.